బాదమా, జీడిపప్పా, వేరుశనగా: రోజూ తినడానికి ఏది ఎవరికి?

అనంతపురం దగ్గర మా బంధువుల ఇల్లు ఒకటుంది. వాళ్ళది వేరుశనగ సేద్యం. పంట ఇంటికి చేరాక వసారాలో మూట మీద మూట పేరుస్తారు. ఆ ఇంటి కోడలు మాత్రం నెలనెలా పట్నం నుంచి పావుకిలో బాదంపప్పు తెప్పిస్తుంది. రాత్రి నాలుగు గింజలు లెక్కపెట్టి నానబెట్టి, పొద్దున్నే పొట్టు ఒలిచి, బడికి వెళ్ళే కూతురికి పెడుతుంది. ఎందుకమ్మా అని అడిగితే, "పిల్లకు బలం రావాలి కదా చిన్నమ్మా, వేరుశనగల్లో ఏముంది, అవి చట్నీకే" అంది. నా మనసు చివుక్కుమంది. తన పొలంలో పండినదాన్ని తానే చిన్నచూపు చూసి, అప్పుచేసైనా దూరదేశపు గింజ కొనాలని ఆ కోడలు నమ్మేలా చేసింది ఎవరు?

రోజూ కొన్ని గింజలు తినడం మంచిదే. ఆ విషయంలో పోషకాహార నిపుణుల మధ్య పెద్దగా భేదాభిప్రాయం లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లోనూ రోజువారీ పళ్ళెంలో గింజలకు, విత్తనాలకు కలిపి సుమారు 35 గ్రాముల చోటిచ్చారు. చిక్కంతా ఏవి, ఎన్ని, ఎవరికి అనే దగ్గరే ఉంది. అక్కడ ధరను చూసి నిర్ణయం తీసుకుంటే డబ్బూ పోతుంది, కొందరికి ఆరోగ్యమూ పోతుంది.

మేలు జరుగుతుందనడానికి ఆధారం ఏమిటి

స్పెయిన్‌లో 7,400 మందికి పైగా, గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నవారిపై జరిగిన పెద్ద అధ్యయనం ఒకటుంది. అందులో ఒక బృందానికి రోజూ 30 గ్రాముల గింజలు ఇచ్చారు. సగం అక్రోట్లు (వాల్‌నట్లు), తక్కిన సగంలో బాదం, హేజెల్‌నట్లు. ఆలివ్ నూనె, కూరగాయలు ఎక్కువగా ఉండే అక్కడి భోజనంతో పాటే ఇవి. ఆ బృందంలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి చూస్తే దాదాపు 30 శాతం తగ్గాయి. 2013లో వచ్చిన ఆ పరిశోధన పత్రంలో, మనుషులను బృందాలుగా విభజించిన తీరులో కొన్ని లోపాలు బయటపడ్డాయి. దాన్ని వెనక్కి తీసుకుని 2018లో లెక్కలన్నీ తిరగవేసి మళ్ళీ ప్రచురించారు. ఫలితం మాత్రం దాదాపు అదే వచ్చింది. తప్పు ఒప్పుకుని తిరిగి లెక్కించినందుకే నాకు దానిపై నమ్మకం పెరిగింది.

2013లోనే అమెరికాలో లక్షా 18 వేల మందికి పైగా నర్సులను, వైద్యరంగంలోని పురుషులను మూడు దశాబ్దాలపాటు గమనించిన ఫలితాలు వచ్చాయి. రోజూ గింజలు తినేవారిలో మరణాల రేటు, అసలు తిననివారితో పోలిస్తే 20 శాతం తక్కువగా కనిపించింది. గింజలు తినేవారు మామూలుగానే పొగ తక్కువ తాగుతారు, వ్యాయామం ఎక్కువ చేస్తారు. పరిశోధకులు ఆ తేడాలను లెక్కలోంచి తీసివేసే ప్రయత్నం చేసినా, ఇలాంటి గమనింపు నుంచి గింజల వల్లే ఆయుష్షు పెరిగిందని తేల్చి చెప్పలేం. కానీ అందులో నన్ను ఆకట్టుకున్న విషయం వేరే ఉంది. బాదం, అక్రోటు లాంటి చెట్టుగింజలు తిన్నవారికి కనిపించిన మేలే వేరుశనగ తిన్నవారికీ కనిపించింది.

వేరుశనగ: మన ఇంటి గింజ

వేరుశనగ, పల్లీ, బుడ్డలు. ఏ ప్రాంతంలో ఏ పేరుతో పిలిచినా ఇది వృక్షశాస్త్రం ప్రకారం కంది, పెసర, మినుముల కుటుంబం. పువ్వు పైన పూసి, కాయ మట్టిలో ఊరుతుంది. పప్పుధాన్యం గనుకే మాంసకృత్తులు ఎక్కువ. 100 గ్రాముల్లో 24 నుంచి 26 గ్రాములు ఉంటాయి. బాదంలో 18 నుంచి 21, జీడిపప్పులో 18, అక్రోట్లలో 15 మాత్రమే. బి విటమిన్లలో నియాసిన్, ఫోలేట్ కూడా వేరుశనగలో దండిగా ఉన్నాయి. కొవ్వు సగానికి సగం ఉన్నా అందులో ఎక్కువ భాగం గుండెకు హాని చేయని రకం. కొలెస్ట్రాల్ అసలే ఉండదు, అది మొక్కల నుంచి వచ్చే ఏ గింజలోనూ ఉండదు. అయినా "పల్లీలు తింటే కొలెస్ట్రాల్ పెరుగుతుంది" అనే మాట ఇప్పటికీ ప్రతి ఇంట్లో వినిపిస్తూనే ఉంది.

కిలో బాదం ధరకు దాదాపు ఐదు కిలోల వేరుశనగపప్పు వస్తుంది. మాంసకృత్తుల కోసమే అయితే ఇంకా లెక్క అక్కరలేదు.

అయితే వేరుశనగకు ఒక పెద్ద ముప్పు ఉంది. దాన్ని దాచి పొగడటం నాకు ఇష్టం లేదు. ఆస్పర్జిల్లస్ అనే బూజు పట్టిన గింజల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. దీర్ఘకాలం శరీరంలోకి వెళితే కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. హెపటైటిస్ బి ఉన్నవారిలో ఆ ముప్పు మరీ ఎక్కువ. ఇది గోదాములోనే మొదలవుతుందనుకుంటే పొరపాటు. కాయ ఊరే చివరి వారాల్లో వాన మొహం చాటేస్తే, వేడెక్కిన నేలలో పొలంలోనే బూజు గింజలోకి చేరుతుంది. అనంతపురం లాంటి వర్షాధార ప్రాంతాల రైతుకు ఇది ఏటా ఎదురయ్యే బాధ. ఆ తర్వాత కాయలు సరిగా ఎండకపోయినా, పురుగు కొరికినా, మూటలు తేమ తగిలిన నేల మీద పడి ఉన్నా మరింత పెరుగుతుంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ సమస్యపై ఏళ్ళ తరబడి పనిచేసి, తక్కువ ఖర్చుతో అఫ్లాటాక్సిన్‌ను కనిపెట్టే పరీక్షా విధానాన్ని కూడా తయారుచేశారు.

ఇంట్లో మనం చేయగలిగింది ఏరడం. మా అమ్మ వేరుశనగపప్పు తెచ్చిన రోజున చేటలో పోసుకుని వాకిట్లో వెలుతురుకు కూర్చునేది. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, పచ్చటి లేదా బూడిదరంగు పొడి అంటినవి, పొట్టు ఊడి రంగు మారినవి అన్నీ పక్కన పడేసేది. విషం చాలావరకు అలాంటి కొన్ని గింజల్లోనే పోగుపడి ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చేదుగింజ ఒక్కటి పడినా చట్నీ పాడవుతుందని మాత్రం తెలుసు. వేయిస్తే విషం పోతుందని అనుకోవద్దు. వేడికి కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఏరిన గింజలను కోళ్ళకు, పశువులకు వేయకండి. ఆ విషం వాటికీ చేటు, పశువుల పాల ద్వారా మళ్ళీ మన దగ్గరికే వస్తుంది. ఒకసారి ఒక దుకాణంలో "చట్నీకి చాల్లెండి" అని నాకు చవకగా ముక్కల పప్పు కట్టిచ్చారు. ఇంటికొచ్చి చూస్తే సగం రంగు మారినవే. చవకగా దొరికే పగిలిన పప్పులో ఏరి పారేసినవి కలిసే అవకాశం ఎక్కువ కాబట్టి, వేరుశనగ విషయంలో మాత్రం నిండు గింజే కొనమంటాను. వీలైతే కాయలు కొని ఇంట్లో ఒలుచుకోవడం ఇంకా మేలు.

జీడిపప్పు: ఎక్కువగా తిట్లు తిన్న గింజ

పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి తెచ్చిన జీడి మన తూర్పు తీరంలో ఇంటి మనిషైపోయింది. శ్రీకాకుళం జిల్లా పలాస పేరు చెబితే జీడిపప్పే గుర్తొస్తుంది. కోనసీమలో మోరి, ఇటు వేటపాలెం కూడా జీడికి పేరుపడినవే.

2003లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ "రోజుకు 42 గ్రాముల గింజలు గుండెజబ్బు ముప్పును తగ్గించవచ్చు" అని పొట్లాల మీద రాసుకునేందుకు షరతులతో అనుమతించింది. ఆ జాబితాలో బాదం, అక్రోటు, పిస్తాతో పాటు వేరుశనగ ఉంది, జీడిపప్పు లేదు. సంతృప్త కొవ్వు (నెయ్యి, కొబ్బరిలో ఎక్కువగా ఉండే రకం) గీత దాటిందన్నది కారణం. అప్పటి నుంచి జీడిపప్పు అనగానే గుండెకు చేటని చాలామంది వైద్యులు కూడా చెప్పడం మొదలుపెట్టారు. కానీ చెన్నైలో మధుమేహం ఉన్న 300 మందిపై జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో, 12 వారాలపాటు రోజూ 30 గ్రాముల జీడిపప్పు తిన్నవారి బరువు పెరగలేదు, చక్కెర పెరగలేదు, రక్తపోటులో పై అంకె కొంచెం తగ్గి, మంచి కొలెస్ట్రాల్ కొంచెం పెరిగింది. మన దక్షిణాది తిండి తినేవారిపై జరిగిన పరిశోధన కాబట్టి నేను దీనికి ఎక్కువ విలువిస్తాను. మధుమేహం ఉందని జీడిపప్పును పూర్తిగా మానేయనక్కరలేదు.

అయినా రోజూ తినే ఏకైక గింజగా దీన్ని ఎంచుకోమని చెప్పను. పీచు తక్కువ. 100 గ్రాముల్లో మూడు నాలుగు గ్రాములే, బాదంలో 12 పైన ఉంటే. పిండిపదార్థం ఎక్కువ. ఇనుము, రాగి, మెగ్నీషియం మాత్రం బాగున్నాయి. ఇంకో సంగతి. జీడిపప్పు ధర దాని పరిమాణాన్ని బట్టి నిర్ణయిస్తారు. డబ్ల్యూ 320 అంటే ఒక పౌండుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 300 నుంచి 320 గింజలు తూగుతాయని. డబ్ల్యూ 240 అంటే ఇంకా పెద్దవి, ఇంకా ఖరీదు. పోషణలో తేడా ఏమీ లేదు. అతిథుల ముందు పెట్టడానికి కాక ఇంట్లో తినడానికైతే బద్దలు, ముక్కలు కొనండి. మంచి రంగు, మంచి వాసన ఉంటే చాలు.

బాదం, అక్రోటు, పిస్తా

బాదం ఘనత విటమిన్ ఇ, పీచు, కాల్షియం. 30 గ్రాములు, అంటే 23, 24 గింజలు తింటే పెద్దవారికి రోజుకు కావలసిన విటమిన్ ఇలో సగం వస్తుంది. నాలుగు గింజలతో ఏమీ రాదు. తెలివి పెరుగుతుందన్న నమ్మకానికి గట్టి ఆధారం లేదు. నానబెట్టడం వల్ల మెత్తబడి నమలడం తేలికవుతుంది, పళ్ళు లేని పెద్దవారికి అది మేలే. కానీ పొట్టు తీసి పారేస్తే పీచులో కొంత భాగాన్ని, మేలు చేసే మరికొన్ని పదార్థాలను పారేసినట్టే. మామ్రా అనే బాదం రకానికి రెండు మూడు రెట్లు చెప్పే ధర రోజువారీ తిండికి అనవసరం. బాదం పాల పొడిని బాదంగా లెక్కవేయకండి, అందులో ఎక్కువ భాగం చక్కెరే. చేదుగా తగిలిన బాదం గింజను వెంటనే ఉమ్మేయాలి, పిల్లలకు కూడా ఆ అలవాటు నేర్పాలి. చేదు బాదంలోని పదార్థం నుంచి సయనైడ్ పుడుతుంది. అన్నట్టు, మన బడుల ఆవరణలో నీడనిచ్చే బాదంచెట్టు వేరే జాతి. బజారులో కొనే బాదం దాని నుంచి వచ్చేది కాదు.

అక్రోట్లలో ఉన్నది తక్కిన గింజల్లో దాదాపు లేనిది: మొక్కల నుంచి వచ్చే ఒమేగా 3 కొవ్వు. 30 గ్రాముల్లో రెండున్నర గ్రాములకు పైగా ఉంటుంది. చేపలు తినని శాకాహారులకు, ముఖ్యంగా గుండెజబ్బు చరిత్ర ఉన్న కుటుంబాలకు వేరుశనగతో పాటు ఇంకొకటి కొనే స్తోమత ఉంటే నేను బాదం కంటే ముందు అక్రోటునే చెబుతాను. చేపనూనెలోని ఒమేగా 3తో ఇది సమానం కాదు, శరీరం దాన్ని మార్చుకోగలిగేది కొద్దిగానే. మా ఇంట్లో అవిసెగింజల పొడి కూడా వాడతాం. అది అక్రోటు కంటే ఎంతో చవక, ఒమేగా 3 ఇంకా ఎక్కువ.

పిస్తాలో పొటాషియం, పీచు బాగుంటాయి. బజారులో దొరికేవి ఎక్కువగా ఉప్పు పట్టించినవే, రక్తపోటు ఉన్నవారు అది గుర్తుంచుకోవాలి. ఎండుకొబ్బరిని ఈ జాబితాలో చేర్చకండి. దాని కొవ్వులో నూటికి 80 పాళ్ళకు పైగా సంతృప్త కొవ్వే. కూరలో రుచికి వేసుకోండి, గుప్పెట్లో పోసుకుని తినడానికి వద్దు.

ఎన్ని, ఎప్పుడు

గుప్పెడు చాలు, 30 గ్రాములు. అందులో 170 నుంచి 190 కేలరీలు ఉంటాయి. ఇక్కడే చాలామంది పొరపడతారు. రోజూ తినే తిండి అంతా తిని, దానిపైన గింజలు చేరిస్తే బరువు పెరుగుతారు. సాయంత్రం టీతో తినే బిస్కెట్లు, మిక్చర్, కారప్పూస తీసేసి ఆ స్థానంలో గింజలు పెట్టాలి. మేలు రావడంలో సగం భాగం ఆ తీసేయడంలోనే ఉంది.

ఇడ్లీలోకి పల్లీ చట్నీ, అన్నంలోకి పల్లీల పొడి, పులిహోరలో గుప్పెడు గింజలు, వంకాయ కూరలో మసాలా. మనం ఇప్పటికే తింటున్నదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. చట్నీ బాగా తినే ఇంట్లో ఆ పూటకు గింజల వాటా చాలావరకు తీరిపోయినట్టే. నిండు గింజను నమిలి తింటే దానిలోని కొవ్వు అంతా ఒంటికి పట్టదు. 2012లో అమెరికాలో బాదంపై చేసిన పరిశోధనలో 28 గ్రాముల నుంచి లెక్క ప్రకారం 170 కేలరీలు రావలసి ఉండగా, ఒంటికి అందింది 129 మాత్రమే. మెత్తగా రుబ్బితే ఆ తేడా తగ్గుతుంది. నెదర్లాండ్స్‌లో 2015లో వచ్చిన అధ్యయనంలో గింజలకు, వేరుశనగకు కనిపించిన మేలు సీసాల్లో అమ్మే పీనట్ బటర్‌కు కనిపించలేదు. ఉప్పు, ఇతర కొవ్వులు కలపడం ఒక కారణం కావచ్చు. వేరుశనగ ఉండలు, పల్లీపట్టీ పిల్లలకు పెట్టదగినవే. కానీ అది బెల్లంతో చేసిన తీపి అని మరచిపోకూడదు.

ఎవరు ఆగి ఆలోచించాలి

కిడ్నీలో కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు వచ్చినవారు బాదం రోజూ గుప్పెళ్ళు తినకూడదు. గింజల్లో ఆక్సలేట్లు బాదంలోనే ఎక్కువ, జీడిపప్పులో కూడా ఉన్నాయి, పిస్తాలో తక్కువ. ఆరోగ్యం కోసమని బాదం మొదలుపెట్టి, నీళ్ళు తక్కువ తాగే మనిషి మళ్ళీ రాయితో ఆసుపత్రి పాలవడం నేను దగ్గరగా చూశాను. కిడ్నీలు దెబ్బతిని పొటాషియం, ఫాస్ఫరస్ తగ్గించమని చెప్పిన రోగులు ఏ గింజ అయినా వైద్యుణ్ణి అడిగిన తర్వాతే తినాలి.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవారి ఇళ్ళలో నేను తరచు గమనించే పొరపాటు ఒకటుంది. పరగడుపున మాత్ర మింగి, వెంటనే నానబెట్టిన గింజలు తింటారు. పీచు ఎక్కువ ఉన్న ఆహారం, ముఖ్యంగా అక్రోట్లు, ఆ మందు ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. మాత్రకు, గింజలకు మధ్య గంట ఎడం ఉంచండి. ఇంకా మంచిది, గింజలను సాయంత్రానికి మార్చండి.

అలర్జీ మన దగ్గర పాశ్చాత్య దేశాలంత ఎక్కువగా కనిపించకపోయినా, వచ్చినవారికి ప్రాణం మీదికి తెస్తుంది. తిన్న కొద్దిసేపటికే పెదవులు వాచడం, ఒంటిమీద దద్దుర్లు, ఊపిరి అందకపోవడం ఉంటే ఇంటి వైద్యంతో కాలం వృథా చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. జీడిపప్పు పడనివారికి పిస్తా కూడా పడకపోవచ్చు, రెండూ ఒకే కుటుంబం. అమెరికాలో, బ్రిటన్‌లో పెరుగుతున్న మనవాళ్ళ పిల్లలకు ఈ విషయం మరింత ముఖ్యం. లండన్‌లో 640 మంది పసిపిల్లలపై జరిగి 2015లో వెలువడిన అధ్యయనం పాత సలహాను తలకిందులు చేసింది. అలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న పిల్లలకు 4 నుంచి 11 నెలల వయసులో వేరుశనగ తినిపించడం మొదలుపెడితే, ఐదేళ్ళు వచ్చేసరికి ఆ అలర్జీ దాదాపు 80 శాతం తగ్గింది. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురదపెట్టే సమస్య), గుడ్డు అలర్జీ ఉన్న బిడ్డకు మాత్రం వైద్యుల పర్యవేక్షణలోనే మొదలుపెట్టాలి.

పసిపిల్లలకు వేరుశనగ తినిపించేది పలుచటి ముద్దగానే. ఐదేళ్ళు నిండని పిల్లలకు ఏ గింజనూ నిండుగా ఇవ్వకండి. గొంతు దాటి ఊపిరితిత్తుల్లోకి జారే వస్తువుల్లో వేరుశనగ గింజ ముందుంటుంది. పెళ్ళిళ్ళలో, ప్రయాణాల్లో ఆడుకుంటున్న చంటిపిల్లల చేతిలో ఎవరో ఒకరు ప్రేమగా నాలుగు గింజలు పోస్తారు. అక్కడ మొహమాటం పడకుండా తీసేసుకోండి.

కొనడం, దాచడం

ఇంట్లో ముగ్గురు తింటారనుకుంటే రోజుకు 30 గ్రాముల లెక్కన నెలకు సుమారు 2 కిలోల 700 గ్రాములు కావాలి. మా ఇంట్లో ఇందులో రెండు కిలోలు వేరుశనగ, 400 గ్రాములు అక్రోట్లు, మిగిలింది బాదం లేదా జీడి బద్దలు. చేతిలో డబ్బు తక్కువున్న నెలలో అన్నీ వేరుశనగలే. అలా తింటే లోటేమైనా ఉంటుందని నేననుకోను.

అక్రోట్లు త్వరగా చెడి ముక్కవాసన వేస్తాయి, అది రంగు డబ్బా మూత తీసినప్పుడు వచ్చే వాసనలా ఉంటుంది. అలా ఉంటే తినకండి. పావుకిలో చొప్పున కొని గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. వేరుశనగ కాయలైతే ఊపితే గలగలలాడేదాకా ఎండబెట్టి, నేల తగలకుండా చెక్క మీద మూట ఉంచండి. వేయించిన పప్పు రెండు వారాలకు మించి నిల్వ పెట్టకండి.

అనంతపురం కోడలికి ఇదంతా చెప్పాను. వసారాలోని మూటలను గోడకు ఆనించకుండా జరిపి, కింద చెక్కలు వేయించాను. కాయలు ఒలిచి, చేటలో ఏరి, దోరగా వేయించి, సాయంత్రం బడి నుంచి రాగానే గుప్పెడు ఇవ్వమన్నాను. బాదం డబ్బు మిగిలితే వారానికి రెండు మూడు రోజులు గుడ్డో, పండో ఎక్కువ పెట్టమన్నాను.